ఇంటి కుక్కయు, క్రొత్త కుక్కయు

నిజామాబాదు కంఠేశ్వర్ వీధులలో దిక్కులేక తిరుగు కుక్కను జాలిగొని యింటికి దెచ్చు సోదరీమణులు కలరు. ఇంట నంతకుముందే కుక్కలున్నచో జాలి యొక్కటియే చాలదు, ఓర్పును వలయును.

క్రొత్తదానిని మొదట పశువైద్యునకు జూపి, వెఱ్ఱికుక్క వ్యాధి రాకుండ టీకా వేయించి, పిడుదులకు, కడుపులోని పురుగులకు మందిప్పింపవలెను. 14 దినములు వేఱు గదిలో నుంచుట మేలు. ఆ దినములలో దాని పక్కగుడ్డను పాతదానికి, పాతదాని గుడ్డను దీనికి వేసినచో, చూపులకు ముందే వాసనచే పరిచయమగును.

తొలి కలయిక యింటిలో తగదు. ఇల్లు, పెరడు తనవని పాత కుక్క తలంచును. కావున తెల్లవారుజామున జనసంచారము లేని బయలున, ఇరువురు చెరియొక గొలుసు పట్టి, నడుమ ఎడముంచి, ప్రక్కప్రక్కగా నడిపింపవలెను. గొలుసు బిగించినచో బెదురు హెచ్చును. కుక్క మేను బిగించి తేఱిపాఱ జూచినచో దూరము జరుపుడు. ఒడలు వదులుచేసి తోక యాడించినచో దగ్గఱకు రానిండు. పాతవి పెక్కున్నచో ఒక్కొక్కదానినే కలుపుడు. ఇంట తిండిగిన్నెలు వేఱువేఱుగా నుంచుడు. పసిపిల్లలను ఆ చెంతకు పోనీయకుడు.

గుఱ్ఱుమన్నదని పాతదానిని కొట్టవలదని మా మనవి. ఆ గుఱ్ఱు హెచ్చరిక మాత్రమే. దండించి మాన్పినచో, చెప్పకయే కఱచును. భారతము ఆదిపర్వమున, ఏ తప్పు నెఱుగని తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టినందులకు సరమ యెంత నొచ్చుకొన్నదో సోదరీమణు లెఱుగుదురు.

స్నేహమునకు కొన్ని దినములు పట్టవచ్చును, కొన్ని నెలలును పట్టవచ్చును. తొందరపడి కలిపి, పొసగలేదని దానిని మరల వీధిపాలు చేయుట జాలి యనిపించుకొనదు.