లిఫ్ట్ చేశాక ముందు చూడాల్సింది బ్రేక్ గొట్టం!

పాత జిప్సీ కొన్న కుర్రాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ‘అన్నా, ఎన్ని అంగుళాలు లేపమంటావ్?’ నేనైతే 2 దాటొద్దంటాను. జిప్సీకి ముందూ వెనకా కమాన్ కట్టలే. అవి మార్చి లేపితే పెరిగేది బాడీ ఎత్తే. దారిలో రాయికి తగిలే డిఫరెన్షియల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది పెద్ద టైరే. అదీ సగమే: టైరు 2 అంగుళాలు ఎత్తు పెరిగితే డిఫరెన్షియల్ లేచేది 1 అంగుళం.

లేపాక స్పీడుతో పాటు సీటు కింద వణుకు పెరుగుతోందా? ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం, దాని క్రాస్‌లు చూపించండి. స్టీరింగే ఊగుతుంటే వీల్ బ్యాలెన్సింగ్, కింగ్‌పిన్ బేరింగ్‌లు చూడాలి.

వీటన్నిటికంటే ముందు బ్రేక్ గొట్టాలు. ఛాసిస్ కింద జాకీ వేసి, గట్టి స్టాండ్లు పెట్టి, చక్రాల్ని గాల్లో వేలాడనివ్వండి. గొట్టం బిగుసుకుపోతే పొడవైనది వేయాల్సిందే. లేదంటే చక్రం గుంతలోకి జారినప్పుడు అది తెగి ఆయిల్ కారిపోతుంది. ఆ తర్వాత దిగుడులో పెడల్‌ని నమ్మలేం. లిఫ్ట్ కిట్‌కి డబ్బు లెక్కేసేటప్పుడే ఈ గొట్టాల ఖర్చూ కలిపేయండి.