తీసిన పుర్రె ఎముక తిరిగి ఎప్పుడు పెట్టించాలి?

ప్రశ్న: మా వారి వయస్సు 38. నాలుగు నెలల క్రితం స్కూటరు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలింది. మెదడు వాచిందని ఆపరేషన్ చేసి, కుడివైపు పుర్రె ఎముక తీసి పొట్ట చర్మం కింద దాచారు. ప్రాణం దక్కింది. ఇప్పుడక్కడ తల గుంట పడింది. ఎముక పెట్టించుకోమని డాక్టరుగారు అంటున్నారు. ‘బాగానే తిరుగుతున్నాడుగా, మళ్ళీ తల కోయించడమెందుకు?’ అంటారు మా అత్తగారు. టైటానియం వేయిస్తే మేలంటాడు మా మరిది. ఈమధ్య లేచి కూర్చుంటే మా వారికి తలనొప్పి, పడుకుంటే తగ్గుతుంది. ఎడమచేతి పట్టు కూడా సడలింది.

– ఒక సోదరి, తెనాలి

జవాబు: మీ అత్తగారి భయం సహజమే. కాని ఉత్తరం చివర మీరు రాసిన రెండు ముక్కలే అన్నిటికన్నా ముఖ్యం. ఎముక లేనిచోట బయటి గాలి ఒత్తిడికి చర్మం లోపలికి కుంగుతుంది. దానివల్ల మెదడులో రక్తప్రసరణ, మెదడు చుట్టూ ఉండే నీటి కదలిక దెబ్బతిని, కొందరికి తలనొప్పి, కాలుచేతుల బలహీనత వస్తాయి. ఎముక పెట్టాక వీరిలో చాలామంది తేరుకుంటారు. ఇది అందం కోసం చేసే ఆపరేషన్ అనుకోకండి. చెయ్యి సంగతి రేపే వెళ్ళి చూపించండి. కారణం ఇదేనా, మరొకటా అన్నది స్కానింగులో తేలుతుంది.

మెదడు వాపు తగ్గి, గాయం మాని, చీము లేకుంటే సాధారణంగా 6 వారాల నుంచి 6 నెలల లోపు పెడతారు. చీము పట్టినవారు మాత్రం అది పూర్తిగా తగ్గేదాకా ఆగాలి. ఊరికే జాప్యం చేస్తే పొట్టలోని ఎముక కొంత కరిగిపోవచ్చు.

ఇక మీ మరిది మాట. సొంత ఎముక తీసినచోట చక్కగా అమరుతుంది, దానికి వేరే ఖరీదు లేదు. పెట్టాక కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, అది కరిగిపోవడం దాని లోపం. టైటానియం తేలికైనది, గట్టిది, తర్వాత ఎం.ఆర్.ఐ. తీయించుకోవచ్చు. ఎక్రిలిక్ సిమెంటు (పళ్ళసెట్టు చేసే పదార్థం జాతిదే) చవక, ఆపరేషన్ బల్ల దగ్గరే మలుస్తారు. స్కాను కొలతలతో చేసే ‘పీక్’ ప్లాస్టిక్ బాగా అమరుతుంది గాని ఖరీదెక్కువ. దేనితోనైనా చీము పట్టే ప్రమాదం కొంత ఉంటుంది. ఎముక కరగకుండా, చెడకుండా ఉంటే మీ వారికి టైటానియం అవసరమని నాకు తోచదు.

అప్పటిదాకా ఆ వైపు ఒత్తిగిలి పడుకోనివ్వకండి. నడిచేటప్పుడు తలకు రక్షణ టోపీ ఉండాలి. స్కూటరు ముట్టుకోరాదు. ఫిట్సు మాత్రలు వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి.