చాసర్‌ను చెవితో చదవాలి

ఇంగ్లిష్ ఎంఏ చేసిన వారినెవరినైనా చాసర్ గురించి అడిగి చూడండి. 'కాంటర్‌బరీ టేల్స్' ఉపోద్ఘాతంలోని యాత్రికుల పేర్లు గడగడా చెబుతారు. ఆ యాత్రికులు చెప్పిన కథ ఒక్కటి చెప్పమంటే మాత్రం చాలామంది నోరు మెదపరు. మన దగ్గర అనేక సిలబస్‌లు 858 పంక్తుల 'జనరల్ ప్రోలాగ్' దగ్గరే ఆగిపోతాయి మరి. విందుకు పిలిచి, శుభలేఖ చదివించి పంపేసినట్టన్నమాట.

అసలు మజా ఆ తర్వాతే. నైట్ హుందాగా ప్రేమగాథ ముగించగానే, పూటుగా తాగిన మిల్లర్ అడ్డం పడతాడు. పెళ్లాం చేతిలో వెర్రివెంగళప్ప అయిన ఓ వడ్రంగి కథ చెబుతాడు. ఎస్టేటు వ్యవహారాలు చూసే రీవ్ పూర్వాశ్రమంలో వడ్రంగే. ఆయనకు ఒళ్లు మండి, మోసపోయిన ఓ మిల్లర్ కథ ఎత్తుకుంటాడు. ఎవరు ఎవరిని దెప్పుతున్నారో తెలియకపోతే ఈ కథల్లో సగం రుచి పోయినట్టే.

1400లో కన్నుమూసిన కవి భాష కష్టమని గైడ్లను ఆశ్రయిస్తారు. కానీ ఆ ఇంగ్లిష్‌లో రాసింది చాలావరకు రాసినట్టే పలుకుతుంది. 'నైట్'లో మొదటి 'కె' కూడా వినిపిస్తుంది. 'నేమ్' అన్నది దాదాపు 'నామ' (సంస్కృత నామానికి అది దూరపు చుట్టమే). అక్షరాన్ని అక్షరంగా పలికే తెలుగు విద్యార్థికి ఇంతకన్నా అనువైన ఇంగ్లిష్ ఏముంది? ఇంగ్లండ్‌కు అచ్చుయంత్రం రాకముందు, పదిమందికి చదివి వినిపించే రోజుల్లో రాసిన కవిత్వమిది. క్లాసులో ముందు పైకి చదవాలి, నోట్సు సంగతి తర్వాత.

2021లో బ్రిటన్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయం చాసర్‌తో సహా మధ్యయుగ సాహిత్యాన్ని తొలగించాలని ప్రతిపాదిస్తే గగ్గోలు పుట్టింది. ఇక్కడ తీసేస్తే అడిగేవారుంటారా?

నన్నడిగితే పార్డనర్ కథతో మొదలుపెట్టాలి. బంగారం దొరికిన ముగ్గురు తాగుబోతులు ఒకరినొకరు చంపుకుంటారు. పాలీ భాషలోని వేదబ్భ జాతకంలోనూ చివరకు మిగిలిన ఇద్దరు దొంగలు అలాగే చస్తారు, ఒకడు కత్తికి, ఇంకొకడు విషం కలిపిన అన్నానికి. చాసర్ జాతకం చదివాడని కాదు, ఆ కథే దేశాలు పట్టి తిరిగింది. అత్యాశ పాపమని అంతసేపూ బోధించిన పార్డనర్, కథ ముగియగానే దొంగ పవిత్ర వస్తువులను తోటి యాత్రికులకే అంటగట్టబోతాడు. ముందుగా పిలిచేది సత్రం యజమానినే. ఆయన తిట్టే తిట్లు క్లాసులో పైకి చదవడానికి మాత్రం లెక్చరర్‌కు కాస్త ధైర్యం కావాలి.