పందెం ఇంటిదైతే పగ్గం ఎవరిది?

మొన్న ఆదివారం రాత్రి హైదరాబాదు నుంచి మా ఆడపడుచు ఫోను చేసింది. గొంతులో సంబరమూ ఉంది, దిగులూ ఉంది.

"వదినా, మీ అన్నయ్యగారు మావాణ్ణి కార్టింగ్ పోటీలకు పంపుదామంటున్నారు. బండి కూడా సొంతంగా కొంటారట. ఊళ్లో పొలం మీద వచ్చే కౌలు డబ్బు ఏటా దానికే కేటాయిద్దామంటున్నారు. సెలవు రోజుల్లో అందరం కలిసి వెళ్లొచ్చు, ఇంటిల్లిపాదికీ కాలక్షేపం అంటున్నారు. నువ్వేమంటావు?"

వెంటనే ఏమీ అనలేకపోయాను. కార్టింగ్ గురించి తెలియక కాదు. ఇలాంటి ప్రశ్న మా అత్తయ్యను ముప్ఫై ఏళ్ల కిందట ఒక్కరైనా అడిగారా అన్న ఆలోచన వచ్చి ఆగిపోయాను.

మాది పత్తి, మిరప పండే నేల. నరసరావుపేట, చిలకలూరిపేట, మార్టూరు, అద్దంకి చుట్టుపక్కల ఎవర్ని కదిపినా చెబుతారు, పందెం మనకు కొత్త కాదని. సంక్రాంతికీ తిరునాళ్లకూ ఒంగోలు జాతి ఎడ్లతో బండలాగుడు పోటీలు జరుగుతాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ వయసును బట్టి విభాగాలుంటాయి. విభాగాన్ని బట్టి బండ బరువుంటుంది. ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ అడుగులు లాగితే దానిదే గెలుపు. మైకులో పేర్లు చదువుతారు. ఫలానా ఊరు, ఫలానా వారి జత అని.

మా మామయ్యకు ఆ పిచ్చి ఉండేది. ఏటా ఓ జతను మేపేవారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఉలవలు ఉడకబెట్టింది మాత్రం మా అత్తయ్య. దాణా కలిపింది, కుడితి పెట్టింది, ఎద్దు మేత ముట్టకపోతే రాత్రంతా కొట్టంలో కూర్చుంది కూడా ఆవిడే. హాల్లో గోడ మీద ఇప్పటికీ రెండు షీల్డులున్నాయి. రెండింటి మీదా మామయ్య పేరే. అత్తయ్య ఒక్కసారి కూడా బరి దగ్గరికి వెళ్లి చూడలేదు. "ఆడోళ్లం మనకేం పనమ్మా అక్కడ?" అంటుంది. ఓ ఏడాది మిరప డబ్బులు ఎటు పోయాయో కూడా ఆవిడకు తెలియలేదు. రెండో ఆడపిల్ల కాలేజీ ఫీజుకు గొలుసు తీసి ఇవ్వాల్సి వచ్చినప్పుడు తెలిసింది.

అందుకే కార్టింగ్ అనగానే నాకు ముందుగా చక్రాలు కాదు, ఉలవల కుండ గుర్తొచ్చింది.

అలాగని ఈ ఆటను తీసిపారేయడానికి లేదు. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, రేసు కార్లు తయారుచేసే చోట పనిచేసే ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన గడ్డి కోసే యంత్రం ఇంజనును ఇనుప గొట్టాల చట్రానికి బిగించి మొదటి కార్టు చేశాడు. ఇప్పటికీ దాని రూపం పెద్దగా మారలేదు. పైకప్పు లేదు, తలుపుల్లేవు, గతుకులను ఆపే స్ప్రింగులు లేవు. వెనక రెండు చక్రాలకూ ఒకే ఇరుసు. కాబట్టి రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో లోపలి వెనక చక్రం కాస్త పైకి లేస్తేనే బండి సులువుగా తిరుగుతుంది. ఎక్కడ బ్రేకు వేయాలి, స్టీరింగు ఎంత తిప్పాలి అన్నది ఒళ్లంతా కళ్లు చేసుకుని నేర్చుకోవాలి. పిల్లలకు ఏకాగ్రత, ఓపిక, ఓడినా మళ్లీ ప్రయత్నించే గుణం అలవడతాయంటే నేను నమ్ముతాను.

ఇది ఇంటిల్లిపాదీ నడిపించే ఆట అన్నమాట కూడా నిజమే. జర్మనీలో మైకేల్ షుమాకర్ తండ్రి తాపీ పనివాడు. నాలుగేళ్ల కొడుకు తొక్కే బొమ్మ కారుకు చిన్న మోటారు సైకిలు ఇంజను బిగించాడు. తర్వాత కార్టు ట్రాక్ బాగోగులు ఆయన చూసుకుంటే, అక్కడి క్యాంటీన్లో తల్లి పనిచేసింది. ఇంగ్లండులో లూయిస్ హామిల్టన్ ఎనిమిదేళ్ల వయసులో, 1993లో కార్టు పోటీల్లో దిగాడు. కొడుకు కోసం తండ్రి ఒక దశలో నాలుగు ఉద్యోగాలు చేశాడు. ఆ ఇద్దరూ చెరి ఏడుసార్లు ప్రపంచ విజేతలయ్యారు. మన పక్కనున్న కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు. ఆయన తండ్రీ ర్యాలీ డ్రైవరే. చెన్నై అమ్మాయి అలీషా అబ్దుల్లా తండ్రి బైకు రేసుల మనిషి. కూతుర్ని చిన్నప్పుడే కార్టు ఎక్కించాడు.

మా ఆడపడుచు భర్త కూడా ఇలాంటి కథలే చెబుతున్నారట. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు పిల్లాణ్ణి తీసుకెళ్లి చూపించారు. అప్పటినుంచీ తండ్రీ కొడుకులకు అదే లోకం.

అయితే ఒక్క మాట. మనకు తెలిసేవన్నీ గెలిచినవాళ్ల కథలే. నాలుగు ఉద్యోగాలు చేసి కూడా కొడుకును పైకి తేలేకపోయిన తండ్రి గురించి పేపర్లో ఎవరు రాస్తారు? బండలాగుడులో మొదటి బహుమతి జత ఫొటో వేస్తారు. చివరి జతను తోలుకుని చీకట్లో ఇంటికొచ్చిన వాళ్ల ఫొటో వేయరు. ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం మాట్లాడుకున్నారో ఆ ఇంటి ఆడవాళ్లకే తెలుసు.

అందుకని లెక్క ముందు చూసుకోవాలి. సరదాగా అద్దె బండి ఎక్కడం వేరు. కొన్ని వందల రూపాయలతో, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. పోటీ వేరు. సొంత బండి, ఇంజను లక్షల మాట. అది ఒక్కసారి ఖర్చు. దాని వెనక వచ్చేవి ఆగేవి కావు. టైర్లు అరుగుతాయి, ఇంజను విప్పి బాగుచేయించాలి. మెకానిక్కు జీతం, ఎంట్రీ ఫీజు, హెల్మెటు, సూటు, పక్కటెముకలకు కవచం ఉండనే ఉన్నాయి. పిల్లలు ఎదుగుతుంటే సూటూ చాలదు, సీటూ చాలదు. జాతీయ పోటీలకు ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా లైసెన్సు కావాలి. పేరున్న ట్రాకులు బెంగళూరు, చెన్నై, కోయంబత్తూరు వైపున్నాయి. మన గుంటూరు నుంచి చెన్నైకే సుమారు 400 కిలోమీటర్లు. రైలు టికెట్లు, లాడ్జి, భోజనాలు, పిల్లాడి బడి నాగా... ఇవేవీ బండి ధరలో కనిపించవు.

ఇక ఆ కౌలు డబ్బు సంగతి. మిరప ధర ఎవరి చేతిలో ఉంది? 2023లో మేలు రకాలు క్వింటాలు 20 వేలు దాటి పలికాయి. 2025 మొదట్లో ధర పడిపోయి రైతులు గగ్గోలు పెడితే, ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర లెక్కగట్టి ఆదుకోవాల్సి వచ్చింది. అలాంటి ఏడాది కౌలు రైతు చేతికి పెట్టుబడి రావడమే గగనం. అతను ఏడుస్తూ వచ్చి గడువడిగితే, "మావాడికి టైర్లు కొనాలి, కుదరదు" అంటామా? రాబడి ఏడాదికో తీరున ఉండి, ఖర్చు మాత్రం ఏటా తప్పనిదైతే ఆ తేడాను పూడ్చేది ఏమిటో మనకు తెలియంది కాదు. గొలుసు. లేదంటే ఆడపిల్ల చదువు.

డబ్బు ఒక ఎత్తు, ప్రాణం మరో ఎత్తు. 2020 అక్టోబరులో హైదరాబాదు శివారు గుర్రంగూడలో సరదాగా కార్టు ఎక్కిన ఓ ఇంజనీరింగ్ విద్యార్థిని జుట్టు చక్రంలో చిక్కుకుని ప్రాణం పోయింది. అదే ఏడాది ఫిబ్రవరిలో హర్యానాలోని పింజోర్‌లో ఓ యువతి కూడా ఇలాగే చనిపోయింది. కార్టులో ఇరుసు, ఇంజను సీటును ఆనుకునే ఉంటాయి. వదిలిన జుట్టు, చున్నీ, పైట గాలికి ఎగిరితే చిక్కుకోవడానికి క్షణం చాలు.

ఆ వార్త చదివి చాలామంది ఏమన్నారో గుర్తుందా? "ఆడపిల్లకు ఎందుకొచ్చిన సరదా" అన్నారు. నాకు ఆ మాట దగ్గరే కోపం వస్తుంది. తప్పు జుట్టుదా, దానికి అందేలా తిరిగే ఇరుసుదా? జడ లోపల దోపుకుంటేగానీ బండి ఇవ్వం అని చెప్పాల్సిన వాళ్లెవరు? మిల్లులో బెల్టుకు కప్పు లేక చెయ్యి పోతే మిల్లుకు కప్పు వేయమంటాం గానీ మనుషులకు చేతులెందుకు అనం కదా!

కిందటి వేసవిలో మేం హైదరాబాదు వెళ్లినప్పుడు పిల్లలందరినీ ఓ ట్రాక్‌కు తీసుకెళ్లారు. మగపిల్లలకు టికెట్లు తీసుకున్నారు. మా అమ్మాయికి పన్నెండేళ్లు. రెయిలింగు పట్టుకుని చాలాసేపు చూసి, "అమ్మా, నేనూ ఎక్కుతా" అంది. పక్కనున్న పెద్దవాళ్లు "నువ్వు భయపడతావులే" అన్నారు. అది భయపడుతున్నట్టు ఎవరికి చెప్పింది? వెళ్లి టికెట్టు తీసుకున్నాను. అక్కడివాళ్లు హెల్మెటు చేతికిచ్చి ఊరుకున్నారు. దాని జడ సంగతి ఒక్కరూ అడగలేదు. నేనే ముడివేసి, చొక్కా కాలరు లోపలికి దోపి, చున్నీ తీసి నా దగ్గర పెట్టుకుని, హెల్మెటు వదులుగా ఉంటే వేరేది అడిగి తెచ్చాను. మొదటి చుట్టు ఎడ్లబండిలా నడిపింది. ఐదో చుట్టుకు దాని మొహం చూడాలి! దిగాక చేతులు వణుకుతున్నాయి, కళ్లు మెరుస్తున్నాయి. "ఇంకోసారి" అంది. నా పర్సులో ఇంకోసారికి డబ్బుల్లేవు. అది వేరే సంగతి.

పోటీ కార్టింగ్‌లో బండి, మనిషి కలిపి కనీస బరువు ఇంత ఉండాలని నిబంధన. తక్కువైనవాళ్లు సీసపు దిమ్మలు బిగించుకుని సరిచేసుకోవాలి. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే బరిలో దిగుతారు. 1975లో ఇటలీకి చెందిన లెల్లా లొంబార్డి ఫార్ములా వన్‌లో అర పాయింటు సాధించింది. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆ పోటీల్లో పాయింటు సాధించిన ఆడమనిషి మరొకరు లేరు. 2023లో ఆడపిల్లల కోసమే ఎఫ్ వన్ అకాడమీ అని ప్రత్యేక పోటీలు మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆడపిల్లలకు చేతకాక ఇలా అయిందంటే ఒప్పుకోను. ఎనిమిదేళ్ల వయసులో రెయిలింగు అవతల నిలబడిన ఆడపిల్లకు ఎవరూ టికెట్టు తీయకపోవడం కూడా ఓ కారణమే.

ఇవన్నీ ఆలోచించుకుని మర్నాడు మా ఆడపడుచుకు ఫోను చేశాను. వద్దని చెప్పలేదు. ఇలా చెప్పాను:

"ముందు ఓ ఏడాది అద్దె బండి మీదే నేర్పించండి. వాడికి మోజు తీరకపోతే అప్పుడు చూద్దాం. పోటీల వరకూ వెళితే ఏడాదికి ఇంత అని ముందే రాసుకోండి, అది దాటితే ఆ ఏడాదికి ఆట ఆగిపోవాలి. ఆ లెక్క పుస్తకం నీ దగ్గర ఉండాలి. పొలం కౌలును నమ్ముకోవద్దు, జీతంలో మిగిలిందే పెట్టండి. హెల్మెటు, జడ, ఇరుసు మీద కప్పు ముందు మీ కళ్లతో చూసుకోండి. నీ కూతురికి కూడా వాడితోపాటే ట్రాకు మీద సమయం ఇప్పించు. అది వద్దంటే వద్దు, కానీ ఆ మాట అదే చెప్పాలి. ఇంకోటి, నువ్వు టిఫిన్ డబ్బాలు సర్దడానికి మాత్రం వెళ్లకు. స్టాప్‌వాచీ చేతిలో పట్టుకుని వాడి చుట్లు లెక్కపెట్టు, ఎక్కడ వెనకబడుతున్నాడో నువ్వు చెప్పు."

"ఇవన్నీ ఆయనతో ఎట్టా చెప్పను వదినా?" అంది.

"బండి కొన్నాక చెప్పలేవు. ఇప్పుడే చెప్పాలి" అన్నాను.

ఇల్లంతా కలిసి ఆడే ఆట మంచిదే. కానీ ఒకరు ఆడుతూ, ఒకరు గర్వపడుతూ, ఒకరు మాత్రం తెల్లారకముందే లేచి చాకిరీ చేస్తూ ఉంటే దాన్ని ఇంటి ఆట అనలేం. మీ ఇంట్లో ఇలాంటి సరదా మొదలవుతుంటే, అది కార్టయినా ఎడ్లజతయినా క్రికెట్ కోచింగయినా, మొదటిరోజే ఆ లెక్క చూడండి. ఎవరి డబ్బు, ఎవరి ఒళ్లు, ఎవరి పేరు?

ఫోను మాటలన్నీ పక్క గదిలోంచి మా అత్తయ్య వింటూనే ఉంది. నేను ఫోను పెట్టేశాక వచ్చి, కార్టింగ్ అంటే ఏమిటో అడిగి తెలుసుకుంది. అంతా విని కాసేపు ఆలోచించి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"బాగానే ఉందమ్మాయ్. మరి ఆ బండికి ఉలవలు ఎవరు ఉడకబెడతారూ?"