ఇటుకపొడి మీద బంతి గుర్తు



రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు అంటారు. ఆ ఎండలకు మీరు మధ్యాహ్నంపూట బయట ఆడుకోలేక ఇంటిపట్టునే ఉంటారు గదా! సరిగ్గా ఆ రోజుల్లోనే, అంటే మే నెల చివరా, జూన్ నెల మొదటా, ఫ్రాన్సు దేశపు రాజధాని అయిన పారిస్ నగరంలో ఒక గొప్ప టెన్నిసు పోటీ జరుగుతుంది. దాని పేరు ఫ్రెంచి ఓపెన్. ఆటలంటే చెవికోసుకునే నాబోటివాళ్ళకు ఆ రెండు వారాలూ పండుగే.

ఏడాదికి నాలుగు పెద్ద టెన్నిసు పోటీలు జరుగుతాయి. ఇంగ్లండులో వింబుల్డన్ పోటీ పచ్చిక మీద జరుగుతుంది. ఆస్ట్రేలియాలోనూ, అమెరికాలోనూ గట్టి గచ్చు వంటి నేల మీద ఆడతారు. మట్టి మీద ఆడేది పారిస్‌లో ఒక్కచోటే.

"పచ్చిక అయితేనేం, మట్టి అయితేనేం? బంతి బంతే గదా!" అని మీరు అనవచ్చు. కాని నేల మారితే ఆట తీరే మారిపోతుంది. అది ఎందుకో చెబుతాను.

ముందు ఆ మట్టి సంగతి వినండి. చూడటానికి అది ఎర్రమట్టిలాగే ఉంటుంది గాని, నిజానికి అది దంచిన ఇటుకపొడి. పూర్వం మనవాళ్ళు ఇళ్ళు కట్టేటప్పుడు సున్నంలో సుర్కీ కలిపేవారే, అటువంటిదన్నమాట. కోర్టు మీద ఈ పొడి మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే! దాని కింద ఆరేడు సెంటీమీటర్ల మందాన తెల్లని సున్నపురాయి పొడి, దాని కింద బొగ్గు కాలగా మిగిలిన పెళ్ళలు, ఆ కింద కంకర, అన్నిటికీ అడుగున పెద్ద రాళ్ళు ఉంటాయి. అంతా కలిసి ఇంచుమించు 80 సెంటీమీటర్ల లోతు. వానపడితే నీరు ఈ పొరల గుండా కిందికి దిగిపోతుంది. ఎండ కాస్తే పొడి ఎగిరిపోకుండా పైన నీళ్ళు చల్లుతారు. ఆట మధ్యలో పనివాళ్ళు వచ్చి, వలలు ఈడ్చి నేలను చదును చేసి, తెల్ల గీతలను చీపుళ్ళతో ఊడ్చి పోతూ ఉంటారు.

ఇటుకపొడి మీద టెన్నిసు ఆడాలని మొదట ఎవరికి తోచిందో తెలుసా? దీన్ని గురించి ఒక కథ చెబుతారు. 1880 ప్రాంతంలో విలియం రెన్షా, ఎర్నెస్టు రెన్షా అనే ఇంగ్లీషు కవల సోదరులు ఫ్రాన్సులో సముద్రం ఒడ్డున ఉన్న కాన్ పట్టణానికి వచ్చారట. అక్కడి ఎండకు పచ్చిక మాడిపోతూంటే, పగిలిన మట్టికుండల పొడి తెప్పించి దాని మీద చల్లించారట. ఆ ఉపాయం అందరికీ నచ్చింది.

పారిస్‌లో ఈ పోటీ జరిగే ఆటస్థలం పేరు రోలాండ్ గారోస్. ఆయన పేరుపడిన టెన్నిసు ఆటగాడు కాడు, విమానం నడిపేవాడు! 1913 సెప్టెంబరు 23న ఆయన ఒంటరిగా విమానంలో బయలుదేరి, దాదాపు 8 గంటలు ఎగిరి, మధ్యధరా సముద్రాన్ని దాటి ట్యునీషియాలో దిగాడు. అంతకు ముందు ఆ సముద్రాన్ని అలా దాటినవారు లేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, ఆయన మరణించాడు. పదేళ్ళ తరవాత, 1928లో, ఈ ఆటస్థలం కట్టినప్పుడు దానికి ఆయన పేరు పెట్టారు.

ఇక బంతి సంగతి. మీరు ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. ఒక బంతిని నున్నటి నాపరాళ్ళ గచ్చు మీద ఏటవాలుగా విసరండి. తరవాత అదే బంతిని గరుకైన నేల మీద అలాగే విసరండి. నున్నటి గచ్చు మీద బంతి జారి ముందుకు దూసుకుపోతుంది. గరుకు నేల దాన్ని పట్టి ఆపినట్టు చేస్తుంది. దీనికి కారణం రాపిడి. ఇటుకపొడి మీద టెన్నిసు బంతి పడ్డప్పుడు రాపిడి ఎక్కువై, దాని వేగం తగ్గుతుంది. అది పైకి కూడా ఎక్కువగా లేస్తుంది. పచ్చిక మీదనైతే బంతి నేలను రాసుకుంటూ తక్కువ ఎత్తున పోతుంది.

వేగం కాస్త తగ్గితే ఏమవుతుంది? అవతలివాడికి బంతిని అందుకునే వ్యవధి దొరుకుతుంది. పచ్చిక మీద ఒక్క దెబ్బతో ముగిసే పాయింటు మట్టి మీద ముగియదు. వాడు జారుకుంటూ వెళ్ళి బంతిని తిరగ్గొడతాడు. మళ్ళీ కొట్టాలి, మళ్ళీ కొట్టాలి. కనక ఇక్కడ బలం ఒక్కటే ఉంటే చాలదు, ఓపిక కూడా ఉండాలి.

పీట్ సంప్రాస్ అనే అమెరికా ఆటగాడు పెద్ద పోటీలలో 14 సార్లు గెలిచాడు. అందులో 7 సార్లు వింబుల్డన్‌లోనే! కాని పారిస్‌లో ఆయన ఒక్కసారి కూడా గెలవలేదు. రఫెల్ నాదల్ అనే స్పెయిన్ ఆటగాడో, ఒక్క పారిస్‌లోనే 14 సార్లు గెలిచాడు. 2005లో మొదటిసారి, 2022లో చివరిసారి. అక్కడ ఆయన ఆడిన 116 ఆటలలో ఓడినవి నాలుగే. ఆడవాళ్ళలో క్రిస్ ఎవర్ట్ పారిస్‌లో 7 సార్లు గెలిచింది. 1973 నుంచి 1979 దాకా మట్టి కోర్టుల మీద ఆమె వరసగా 125 ఆటలు గెలిచింది!

మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా కూడా ఆ ఎర్ర నేల మీద గెలిచింది సుమా! 2012లో ఆమె, మహేశ్ భూపతి కలిసి మిక్సెడ్ డబుల్స్ పోటీ గెలిచారు. చిన్నతనంలో తాను పేడతో అలికిన కోర్టుల మీద ఆట నేర్చుకున్నానని ఆమె చెప్పింది. మన ముంగిళ్ళు అలికినట్టే అన్నమాట!

ఓపికకు ఇంకొక ఉదాహరణ చెబుతాను. 2025 జూన్ 8న మగవాళ్ళ ఫైనలులో ఇటలీ ఆటగాడు యానిక్ సినర్, స్పెయిన్ ఆటగాడు కార్లోస్ అల్కరాజ్ తలపడ్డారు. మొదటి రెండు సెట్లూ సినరే గెలిచాడు. నాలుగో సెట్టులో సినర్ గెలవటానికి ఒక్క పాయింటు చాలు. దానికోసం అతనికి వరసగా మూడు అవకాశాలు వచ్చాయి. అల్కరాజ్ మూడింటినీ కాచుకున్నాడు. ఆ సెట్టు గెలిచాడు, తరవాతి సెట్టు కూడా గెలిచాడు. ఆట మొత్తం 5 గంటల 29 నిమిషాలు సాగింది. ఈ పోటీలో ఏ ఫైనలూ అంతసేపు జరగలేదు. అల్కరాజ్ గెలిచినందుకు నేను సంతోషించాను గాని, సినర్ ఓడిపోయినందుకు నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మట్టి కోర్టుకు ఇంకొక విశేషం ఉన్నది. బంతి పడిన చోట పొడిలో చిన్న గుర్తు పడుతుంది. బంతి గీత అవతల పడిందా, లోపల పడిందా అని తగువు వస్తే, అంపైరు తన ఎత్తు కుర్చీ దిగివచ్చి, వంగి ఆ గుర్తును చూస్తాడు. గుర్తు గీతను వెంట్రుకవాసి తాకినా బంతి మంచిదే. అయితే నేల మీద పాత గుర్తులు కూడా ఉంటాయి గదా! వాటిలో సరైనది ఏదో కనిపెట్టాలి. తన వైపు పడిన బంతి గుర్తును ఆటగాడు తన కాలితో చెరిపేశాడంటే, అది మంచి బంతేనని ఒప్పుకున్నట్టే లెక్క.

1982లో ఏం జరిగిందో వినండి. స్వీడన్ నుంచి మాట్స్ విలాండర్ అనే 17 ఏళ్ళ కుర్రవాడు వచ్చాడు. అతను గెలుస్తాడని ఎవరూ అనుకోలేదు. సెమీఫైనలులో అతను అర్జెంటీనా ఆటగాడు హోసె లూయీ క్లెర్క్‌తో ఆడాడు. ఇంకొక్క పాయింటు వస్తే విలాండర్‌దే గెలుపు. క్లెర్క్ కొట్టిన బంతి బయటపడిందని చెప్పారు. ఆట ముగిసింది, విలాండర్ గెలిచాడని అంపైరు ప్రకటించాడు. బంతి లోపలే పడిందని క్లెర్క్ మొత్తుకున్నాడు.

అప్పుడు విలాండర్ అంపైరు దగ్గిరికి వెళ్ళి, బంతి మంచిదేననీ, తాను ఇలా గెలవలేననీ, ఆ పాయింటు మళ్ళీ ఆడతామనీ అడిగాడు. చేతికి వచ్చిన గెలుపును వెనక్కి ఇచ్చేశాడు! మళ్ళీ ఆడారు. ఆ పాయింటు కూడా విలాండరే గెలిచాడు. ఫైనలులో అతను గియెర్మో విలాస్‌ను ఓడించి ఆ పోటీకి విజేత అయ్యాడు. ఒకవేళ ఆ పాయింటు పోయి, చివరికి ఆటే పోయినా, అతను చేసినది మంచిపనే అయివుండేది.

గుర్తు పడని తప్పులు కూడా ఉంటాయి. 2025లో ఫైనలుకు ఒక వారం ముందు అల్కరాజ్, బెన్ షెల్టన్ అనే అమెరికా ఆటగాడితో ఆడుతున్నాడు. దూరంగా పోతున్న బంతి కోసం అతను దూకాడు. రాకెట్టు చేతిలోనుంచి జారి, గాలిలో ఎగిరి బంతిని తాకింది. బంతి వెళ్ళి అవతల కోర్టులో పడింది. రాకెట్టు చేతిలో ఉండగా కొడితేనే ఆ దెబ్బ చెల్లుతుంది. అంపైరు అది గమనించక పాయింటు అల్కరాజ్‌కే ఇచ్చాడు. ఇటుకపొడిలో వెతికితే బంతి పడిన గుర్తు దొరుకుతుంది గాని, రాకెట్టు ఎప్పుడు చెయ్యి జారిందో ఆ గుర్తు చెప్పదు గదా! అల్కరాజ్ తనంతట తానే అంపైరుకు నిజం చెప్పి, ఆ పాయింటు షెల్టన్‌కు ఇప్పించాడు. అయినా ఆ ఆట అతనే గెలిచాడు.

2025 నాటికి మిగిలిన మూడు పెద్ద పోటీలలోనూ బంతి గీత దాటిందో లేదో యంత్రాలే చెప్పటం మొదలుపెట్టాయి. పారిస్‌లో మాత్రం ఆ ఏడు కూడా గీతల దగ్గిర మనుషులే నిలబడ్డారు. యంత్రమే మేలని కొందరు, గుర్తే మేలని కొందరు వాదిస్తారు. మనిషి కన్ను పొరబడుతుంది గనక యంత్రం రావటం మంచిదేనని నా అభిప్రాయం. కాని ఎంత మంచి యంత్రం వచ్చినా, ఆటగాడు తనంతట తాను చెప్పవలసిన నిజం ఎంతో కొంత మిగిలే ఉంటుంది.

మీరు చెడుగుడు ఆడేటప్పుడు మీ చెయ్యి అవతలివాడికి తగిలిందో లేదో ఒక్కొక్కసారి మీకు తప్ప ఎవరికీ తెలియదు. క్రికెట్టులో బంతి బ్యాటు అంచుకు రాసుకుపోతే ఆ చప్పుడు మీకే వినబడుతుంది. అక్కడ అంపైరూ ఉండడు, ఇటుకపొడీ ఉండదు. అప్పుడు మీరేం చేస్తారు? ఈ సాయంత్రం ఎండ తగ్గి ఆటకు వెళ్ళినప్పుడు మీ స్నేహితులతో ఈ మాట చెప్పి, వాళ్ళేమంటారో అడగండి.