ముండ్లకంచెయు, మహమ్మారియు

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీ శార్వరి నామ సంవత్సర ఉగాది. ఆనాటినుండియే దేశమంతటను రాకపోకలు స్తంభించినవి. ఆ దినములలో తెలంగాణమున అనేక గ్రామములవారు, ఉత్తరువులకై కాచుకొనక, తుమ్మకంప నరికి తెచ్చి ఊరి దారులకు అడ్డముగా పేర్చిరి. కొన్నిచోట్ల బండరాళ్లు దొర్లించిరి. కొన్నిచోట్ల బాటకే గండికొట్టిరి. కంచె చెంత వంతులవారీగా కావలి కాచిరి.

దీనిని చూచి నవ్వినవారు కలరు. మేము నవ్వజాలము. తమ ఊరిని తామే కాపాడుకొనవలెనను పట్టుదల ఆ కంపలో నున్నది. పట్టణములలో చదువుకొన్నవారు మూతికి గుడ్డ కట్టుకొనుటకే విసుగుకొనుచున్న సమయమున, పల్లెవాడు రాత్రి నిద్ర మాని పొలిమేరలో కూర్చుండెను. అయినను ఆ కంచె ఎవరిని ఆపినదో కూడ చెప్పుకొనవలయును. పాలమూరు మెట్టభూములు వానను నమ్ముకొన్నవి. వాన తప్పిన యేట ముంబయి, పుణె నగరములలోని కట్టడపు పనులే ఇచ్చటి బీదలకు రెండవ పంట. ఆ పనులు నిలిచిపోగా వారు మూటలతో, బిడ్డలతో తిరుగుముఖము పట్టిరి. వారు పరాయివారు కారు. వారి యిండ్లు కంచెకు లోపలనే యున్నవి. ఐనను రోగము మోసికొనివచ్చినవారను నింద వారిలో పలువురకు తప్పలేదు.

ఇట్టి నింద ఏమి చేయునో ఆలోచింపుడు. నిందకు జడిసినవాడు జ్వరమును దాచును. దాచిన జ్వరమే ఊరంతటికి ప్రాకును. కరోనా యందలి మాయ కూడ ఇచ్చటనే యున్నది. దగ్గు, జ్వరము కనబడుటకు ఒకటి రెండు దినములు ముందుగనే అది రోగి ఊపిరినుండి ఇతరులకు అంటుకొనును. కొందరికి ఏ లక్షణమును తోపదు. కావలివాడు మొగము చూచి దానిని కనిపెట్టుట ఎట్లు? 2020 ఏప్రిలులో సూర్యాపేటలో (ఈ పట్టణము 2016 వరకు నల్లగొండ జిల్లాలోనిదే) కూరగాయల అంగడి పరిసరములనుండి వ్యాపించిన సోకు కొద్దిదినములలోనే 80 మందికి మించెను. అంగడికి పోనివారెవరు?

నూరేండ్ల క్రిందటి ముచ్చటయు నిట్టిదే. 1918లో ఓడలమీద బొంబాయి చేరిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరము రైలుబండ్ల వెంట దేశమంతట వ్యాపించి, శరత్కాలమున మరల విజృంభించి, కోటికి పైబడిన ప్రాణములను గొన్నది. 1911 జనాభా లెక్కలలో 1 కోటి 33 లక్షలకు మించియున్న హైదరాబాదు సంస్థానపు ప్రజలు 1921 నాటికి 1 కోటి 25 లక్షలకు లోపైరి. ఆ దశాబ్దమున ప్లేగును కరవును కూడ తమ పాలు తీసికొన్న మాట నిజమే. కాని ఆ జ్వరముపాలే పెద్దది. అప్పుడు టీకా లేదు. ఆ రోగమునకు కారణమేమో కూడ వైద్యులకు తెలియదు.

మనకు తెలిసియుండియు ఏమి జరిగినదో వినుడు. 2021 మే మాసమున, రెండవ విజృంభణలో, నల్లగొండ జిల్లాలోని యొక కుగ్రామమున ఒక యువకునకు కరోనా సోకినట్లు తేలినది. ఇంట వేరుగా నుండుమని చెప్పిరి. ఇంటిలో నున్నది ఒక్కటే గది. తల్లిదండ్రులకు అంటునేమో యను భయముతో అతడు ఆవరణలోని చెట్టుకొమ్మలపై వెదుళ్లతో మంచె కట్టుకొని, 11 దినములు దానిమీదనే గడపెను. పత్రికలన్నియు దీనిని వింతగా ప్రకటించినవి. మాకది వింతగా తోచలేదు, సిగ్గుగా తోచినది. ఆ మాసమున బడులు మూతపడియున్నవి. పెండ్లిండ్లు నిలిచిపోగా కల్యాణమండపములు ఖాళీగా నున్నవి. యజమానులు హైదరాబాదులో నుండగా తాళము వేసియున్న లోగిళ్లు ఏ ఊర ఎన్ని కలవో మాకంటె మా చదువరులకే బాగుగ తెలియును. ఇంట వేరుగా నుండుడను ఉపదేశము నాలుగు గదులు గలవానిని చూచి చెప్పినది. ఒక్క గదివాడు దానిని పాటింపవలెనన్న రెండవ గదిని ఊరే చూపవలయును. రోగనివారణయందు ప్రజల పాత్ర యనగా మేము ముందుగా చెప్పుకొనునది యిది.

పల్లెలలో ఇది సాగదనువారికి నారికురుపును జ్ఞాపకము చేయుదుము. ముదుసలులు దాని పేరు మరువలేదు. దిగుడుబావి నీటిలోని కంటికానని సూక్ష్మజీవి వెంట కడుపులో ప్రవేశించి, ఏడాది గడచిన పిదప కాలి చర్మము చీల్చుకొని మూరెడు, రెండు మూరల పొడవున వెలువడు పురుగది. మంట చల్లార్చుకొనుటకు రోగి నీట దిగును. పురుగు తన పిల్లలను ఆ నీటనే విడుచును. ఊరంతయు ఆ నీరే త్రాగును. దీనికి టీకా లేదు, చంపు మందును లేదు. 1983లో మొదలైన జాతీయ నిర్మూలన కార్యక్రమమున ముఖ్యముగా చేసినది నీటిని గుడ్డతో వడగట్టుట, మెట్లబావులను మార్చి చేతిపంపులు వేయుట, పుండుకాలితో ఎవరును నీట దిగకుండ చూచుట. పుండువానిని దిగవద్దన్నచో అతనికి మరియొకరు నీరు తోడి యియ్యవలెను గదా! అట్లు తోడి యిచ్చిరి. ఇల్లాండ్రు కడవమూతికి గుడ్డ కట్టుట మరువలేదు. ఆ వ్యాధి పీడించిన 7 రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశమొకటి. 1996లో రాజస్థానమున తుది రోగి కనబడెను. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశము ఆ రోగమునుండి విముక్తమైనదని ధ్రువపరచెను.

టీకాలను గూర్చి విస్తరింప నక్కరలేదు. 2021 జనవరి 16న దేశమున టీకాలు మొదలైనవి. అప్పుడు వాడిన రెంటిలో నొకటి మన హైదరాబాదు చెంతనే తయారైనది. తొలుత సందేహించినవారే వేసవిలో శ్మశానములు నిండుట చూచి బారులు తీర్చిరి. అంత వెల యిచ్చి నేర్చుకొనకుండ, ఊరిలో నలుగురు పెద్దలు తొలిదినముననే చేయి చాపి టీకా వేయించుకొన్న చాలును.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసరస్థితి ముగిసినదని ప్రకటించెను. అంతటితో మనమును మరచితిమి. మహబూబ్‌నగరమున 2016లో, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి; సంతోషమే. కాని ఆసుపత్రి మంచము పడిపోయినవానికి. పడకుండ చూచుట ఊరి పని. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార సమితులను కాగితముపైననే యుంచక పని చేయింపవలెను. జ్వరములను విచారించుచు ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్తకు వాకిటనే బదులు చెప్పి పంపుట మర్యాద కాదు. పది దినములు కదలవద్దన్న కూలివానికి పది దినముల గింజలు ఎవరిత్తురని అడిగినపుడు, అతని చేతులతో నాట్లు వేయించుకొను రైతులు నేల చూడరాదు.

దసరా గడచిన పిదప పాలమూరునుండి కూలీలు మరల దూరదేశములకు బయలుదేరుదురు. దానికి ముందుగనే ప్రతి గ్రామసభయు కూర్చుండి, మరల నిట్టి కాలము వచ్చినచో తిరిగి వచ్చువారిని ఏ భవనమున దించవలెనో, వండి పెట్టువారెవరో, ఆ భవనపు తాళపుచెవి ఎవరియొద్ద నుండునో తీర్మానించి, పేర్లతో సహా పుస్తకమున వ్రాసి యుంచవలెనని కోరుచున్నాము.