నదిలో రెండు పూటలు

గోదావరిలో బొచ్చెకూ వాలుగకూ నీరు ఒక్కటే గాని తిండి వేళ ఒక్కటి కాదు. బొచ్చె ఎక్కువగా పగలే మేస్తుంది. దాని నోరు పైకి తెరుచుకుని ఉంటుంది కాబట్టి నీటి పైపొరల్లో తేలే సూక్ష్మజీవులను వడకట్టుకుంటుంది. శీలావతి నడిమి నీటిలో, ఎర్రమోసు అడుగు బురదలో మేస్తాయి. ఒకదాని కంచంలో ఇంకొకటి చెయ్యి పెట్టదు గనుకనే రైతులు ఈ మూడింటినీ ఒకే చెరువులో పెంచుతారు.

పగటి చేపకు కన్నే ఆధారం. అయితే కన్ను కాపాడినంతగా పట్టిస్తుంది కూడా: ఎర కనిపించే వెలుతురులో తినేవాడూ కనిపిస్తాడు, తినబోయేవాడికి. చాలా చేపల కంటిపొరలో వెలుతురులో చూసే శంకు కణాలు పగలు ముందుకు వస్తాయి, చీకటి పడితే వెనక్కి తగ్గి మసకలో చూసే దండ కణాలకు చోటిస్తాయి. ఈ మార్పు క్షణంలో జరగదు, చాలా నిమిషాలు పడుతుంది. చిన్న చేపలకు గండం ఆ మునిమాపు వేళే. పగడపు దిబ్బల్లో పగటి చేపలు బొరియల్లో దూరాక, రాత్రి చేపలు ఇంకా బయటికి రాకముందు, ఓ పావుగంటో ఇరవై నిమిషాలో నీరంతా సద్దుమణుగుతుంది.

ఇక రాత్రి వాలుగది, జెల్లలది. చీకటి పడే వేళ గేలాలకు ఎర గుచ్చి వదిలి, తెల్లవారాక తీసి చూసుకునే జాలరికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. వాలుగ కన్ను చిన్నది, మీసాలు పొడుగు. దాని కుటుంబానికే చెందిన ఐరోపా వాలుగను గాఢాంధకారంలో ఉంచి, పరారుణ కాంతిలో చిత్రీకరించిన పరిశోధన 2001లో వెలువడింది. అక్కడ దానికి ఎర గప్పీ అనే చిన్న చేప. గప్పీ ఈదుకుపోయిన దారిలో నీరు కొన్ని క్షణాలు కలతగానే ఉంటుంది. వేటచేప ఆ జాడ పట్టుకుని, చిన్నది తిరిగిన మలుపులన్నీ తిరిగి, వెనకనుంచి వచ్చి మింగింది. పాము జాడ చూసి పుట్ట చేరినట్టే, కాకపోతే ఇక్కడ జాడ నీటిమీద రాసిన రాత.

రుచి కూడా మీసాల జాతికి నోటికి పరిమితం కాదు. అమెరికా మంచినీటి వాలుగలో ఒక రకానికి ఒళ్లంతా కలిపి లక్షకు పైగా రుచిమొగ్గలున్నాయి. జపాన్‌లో దొరికే సముద్రపు మీసాల చేప ఒకటి ఇంకో మెట్టు ఎక్కింది. బొరియలో పురుగు ఊపిరి విడిస్తే చుట్టూ నీటి ఆమ్లత రవ్వంత పెరుగుతుంది. ఆ తేడాను మీసాలతో పసిగట్టి అది పురుగును పట్టేస్తుందని 2014లో తేలింది.

ఏ చేపకూ వేళ శిలాశాసనం కాదు. అట్లాంటిక్ సాల్మన్ పిల్లలు ఎండాకాలం పగలూ మేస్తాయి. నీరు పది డిగ్రీల కిందికి చల్లబడితే మాత్రం పగలు రాళ్ల సందుల్లో దాక్కుని రాత్రికి మారతాయి. రాత్రి తిండి తక్కువ దొరుకుతుంది, నిజమే. కానీ చలికి ఒళ్లు మందగించిన పిల్ల, వేడినెత్తురు పక్షి నుంచి పగలు తప్పించుకోలేదు. కడుపు కొంత మాడ్చుకుని ప్రాణం దక్కించుకోవడమే దాని లెక్క.

తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి తేలి నోళ్లు తెరిచి ఆడిస్తుంటే ఆకలి అనిపిస్తుంది చూసేవారికి. అది ఆకలి కాదు. రాత్రంతా నాచు, చేపలు ప్రాణవాయువును వాడేసుకోవడంతో నీటిలో అది అడుగంటి ఉంటుంది. గాలి పీల్చగల కొరమీనుకు ఈ ఇబ్బంది లేదు. బొచ్చెకు ఉంది. అందుకే ఎండ ఎక్కి నీరు తేరుకున్నాకే మేత వేస్తారు.